డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు పైపుతో పాదులకు పెట్టడం: పనికొచ్చే పనేనా?

బొబ్బిలి డాబా తోట:
డాబా గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున కుళాయి బిగించి పైపు తగిలించాను. ధార రావడం లేదు. మావాళ్లు డ్రమ్ము తీసేసి ఇంకుడు గుంత తవ్వించమంటున్నారు. ఏం చేయమంటారు?

విజయనగరం నుంచి:
గుంతే మేలండి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు. మీ డ్రమ్ము పట్టేది అందులో ఐదో వంతు, మిగతాది వీధి కాలువ పాలు. పైగా దోమలు.

పలాస పెరడు:
లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను.

ముందు ధార సంగతి. నీటికి ఒత్తిడి ఎత్తు వల్లే వస్తుంది. నేల మీది డ్రమ్ములో నిండా ఉన్నా మీటరు ఎత్తు నీళ్లుండవు. ఇటుకలతో మూడు అడుగుల దిమ్మ కట్టి దాని మీద పెట్టండి. నిండితే 200 కిలోలు, దిమ్మ గట్టిగా ఉండాలి. పైపు ముప్పావు అంగుళానికి తగ్గకూడదు, దారిలో ఎక్కడా పైకి లేవకూడదు. నేను బీర పందిరి గుంజ మీదుగా వేస్తే గాలి పట్టేసి చుక్క రాలేదు. దించి నేల మీద పరిచాను. రెండుసార్లు గుడగుడమని గాలి కక్కి, చిటికెన వేలంత ధార పడింది. అది చిమ్మే నీరు కాదు. ఆనప పాదు మొదట్లో వదిలేస్తే మట్టి కదలకుండా ఇంకుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, బోర్లు మూగబోయాయి. గిన్నెలకు, కాళ్లు కడుక్కోవడానికి ఆ డ్రమ్మే దిక్కయింది. భూమిలో ఇంకిన నీటిని ఆనాడు దేనితో తోడుకునేవాళ్లం?

దోమకు మందు మూత, సన్నని జాలీ, వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేయడం.

విజయనగరం నుంచి:
కరెంటు మాట కాదనను. మరి మే నెలలో మీ డ్రమ్ములో ఏముంటుంది?

పలాస పెరడు:
ఏమీ ఉండదు. వేసవికి బోరే గతి. ఆశ్లేష కార్తెలో వాన పది రోజులు మొహం చాటేసి వంగ మొక్కలు తలవాల్చినప్పుడు ఆదుకునేది మాత్రం ఈ డ్రమ్మే. నిండి పొర్లే నీటిని గుంతలోకి మళ్లించండి, నాకు అభ్యంతరం లేదు. డ్రమ్ము తీసేయమంటేనే ఒప్పుకోను.

బొబ్బిలి డాబా తోట:
రేపు ఇటుకలు తెప్పిస్తాను. కుళాయి మరీ అడుగునే ఉండాలా?

పలాస పెరడు:
నాలుగు వేళ్లు పైకి పెట్టండి. డాబా మట్టి అడుగున పేరుకుంటుంది, పైపులోకి రానివ్వకండి.