అప్‌డేట్: పెళ్లి క్యాసెట్ డీవీడీలో సరిగ్గా రావట్లేదన్నా కదా, కారణం దొరికింది

పోయిన నెల అడిగా కదా, 1993 నాటి అమ్మానాన్నల పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ డీవీడీకి ఎక్కిస్తుంటే కలర్ పోయి బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది, మనుషులు కదిలితే చాలు బొమ్మంతా గళ్లు గళ్లుగా అయిపోతోంది, మధ్యమధ్యలో తెల్ల గీతలు అని. క్యాసెట్ పోయిందనే అనుకున్నా, కాదు.

కలర్ సంగతి సిగ్గుచేటు. క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వాళ్ల టీవీ పద్ధతి) అని ఉంది, ఇక్కడ తీసిన క్యాసెట్ పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) కదా, అది మార్చి 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు పెట్టగానే అమ్మ మధుపర్కం ఎర్రంచు తెర మీద మెరిసింది, అమ్మైతే ఇంకోసారి వెనక్కి తిప్పమంది.

గళ్లకి కారణం నా పిసినారితనం. మూడు గంటల పెళ్లిని ఒక్క 4.7 జీబీ డిస్క్‌లో కుక్కా, అంటే బిట్‌రేట్ (సెకను వీడియోకి దక్కే డేటా) మూడున్నర ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) కూడా దక్కదు, పైగా పాత టేప్‌లో ఉండే చుక్కలే అందులో సగం తినేస్తాయి. రెండు డిస్కులు చేశా, తలంబ్రాలు పోస్తున్నప్పుడు కూడా ఇప్పుడు క్లీన్‌గా ఉంది.

తెల్ల గీతలకి వీసీఆర్ మూత తీసి, ప్లగ్ పీకేసి, మామూలు తెల్ల కాగితం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్‌కి (టేప్‌ని చదివే హెడ్‌లు ఉండే గుండ్రటి భాగం) ఆనించి పట్టుకుని డ్రమ్‌ని చేత్తో మెల్లగా తిప్పా, కాగితం నల్లగా అయింది. పైకీ కిందకీ మాత్రం రుద్దకండి, హెడ్ విరుగుతుంది, ఇయర్ బడ్స్ అసలొద్దు.

అడుగున వణికే సన్న గీత మాత్రం అలాగే ఉంది, అది ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారే చోట ప్రతి వీహెచ్ఎస్‌కీ ఉండేదేనట, పాత టీవీల్లో తెర చుట్టూ ఉండే చట్రం వెనక దాక్కునేది.