అప్‌డేట్: మా వీధి కుక్క, దాని నాలుగు పిల్లల సంగతి

సైనిక్‌పురిలో మా గేటు ముందు ఈనిన వీధి కుక్కను, దాని నాలుగు పిల్లలను జంతు సంరక్షణ కేంద్రానికి అప్పగించవచ్చా అని మూడు నెలల క్రితం అడిగాను. పాలు మానని పిల్లలను తేవద్దని, టీకాలు పడనివాటికి అక్కడ పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) సోకే ప్రమాదం ఎక్కువని కేంద్రంవారు మొదటి ఫోనులోనే చెప్పారు. అప్పుడు కోపం వచ్చింది కానీ, వెళ్లి చూశాక పోయింది. పిల్లల గది గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ల పళ్లెం ఉంది, అందులో చెప్పులు తడిపే లోపలికి వెళ్లాలి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు లొంగదు.

పిల్లలు పాలు మానాక తల్లిని తీసుకువెళ్లి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచున చిన్న గంటు పెట్టారు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టుకున్న చోటే వదలాలి కాబట్టి, మళ్లీ మా వేపచెట్టు కిందే దించారు. వేరే ఎక్కడైనా వదలమని మా అపార్ట్‌మెంట్ కార్యదర్శిగారు పట్టుబట్టగా, ఈ చోటు ఖాళీ అయితే ఆపరేషన్ కాని కొత్త కుక్కలు చేరతాయని వ్యాను డ్రైవరే ఓపికగా వివరించాడు.

పిల్లల్లో రెండింటిని తెలిసినవారు పెంచుకుంటున్నారు. ఆరో వారంలో వేయించవలసిన టీకాను నేను పది రోజులు వాయిదా వేయడంతో ఒకటి పార్వోతో పోయింది. ఆ తప్పు నాదే. నాలుగోది ప్రస్తుతం మా చెప్పుల స్టాండు కింద నిద్రపోతోంది.