టామీ జాన్: ఆపరేషన్‌కు ముందు 124 గెలుపులు, తర్వాత 164. మోచేయి బలపడిందా?

ప్రశ్న: డల్లాస్_డాబా

టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ జట్టు బేస్‌బాల్ ఆటలు చూసేవాళ్ళకు "టామీ జాన్" అనే మాట తరచూ వినిపిస్తూనే ఉంటుంది. పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) జేకబ్ డిగ్రామ్‌కు ఆ పేరున్న ఆపరేషన్ 2010లో ఒకసారి, 2023లో మరోసారి జరిగింది. నేథన్ ఇవాల్డీకీ రెండుసార్లు అయింది. ఇప్పుడది మోచేతి ఆపరేషన్ పేరే గానీ, అసలు ఆ పేరున్న పిచ్చర్ కెరీర్ చూస్తే లెక్క తిరగబడినట్టు ఉంది. 1974లో మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగేనాటికి ఆయన గెలుపులు 124, ఓటములు 106. కోలుకుని వచ్చాక 164 గెలుపులు, 125 ఓటములు. సీజన్‌లో 20 గెలుపులు మూడుసార్లు సాధిస్తే, మూడూ ఆపరేషన్ తర్వాతే. మరమ్మతు చేసిన మోచేయి పుట్టుకతో వచ్చినదానికంటే గట్టిదా? అయితే ఇప్పటివాళ్ళకు రెండోసారి ఎందుకు అవసరమవుతోంది? ఇక్కడ మన పిల్లలు చాలామంది లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడుతున్నారు, "ఆపరేషన్ చేయిస్తే వేగం పెరుగుతుంది" అని తల్లిదండ్రుల మధ్య ఒక మాట తిరుగుతోంది. విషయం తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

జవాబు: సింకర్_పట్టు

గెలుపుల లెక్కతో చేతి బలం కొలవకండి. పిచ్చర్ పేరున పడే గెలుపులో సగం వాళ్ళ జట్టు బ్యాటింగే. ముందు ఆయన ఎలాంటి పిచ్చరో చూడాలి.

టామీ జాన్ ఎడమచేతి వాటం. 1943లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్‌లో పుట్టాడు. 1961లో క్లీవ్‌లాండ్ జట్టు తీసుకుంది, 1963 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో (బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైస్థాయి) తొలి ఆట. 1965 నుంచి ఏడు సీజన్లు చికాగో వైట్ సాక్స్. 1971 డిసెంబర్‌లో డిక్ ఆలెన్‌ను ఇచ్చిపుచ్చుకున్నప్పుడు లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌కు వచ్చాడు. వేగం ఆయన ఆస్తి కాదు. ఆయుధం సింకర్. బంతి మీద కుట్లు రెండూ దగ్గరగా వచ్చే ఇరుకైన చోట చూపుడువేలు, నడిమివేలు కుట్ల వెంబడే ఆనించి పట్టుకుంటారు. బంతి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) దగ్గరకొచ్చేసరికి విసిరిన చేతివైపు జరుగుతూ కిందికి దిగుతుంది. బ్యాటు మధ్యభాగానికి దొరకదు, పైఅంచును కాదు, కింది అంచును తాకి నేల మీద దొర్లుతుంది.

అంటే సింకర్ పిచ్చర్ బతుకు ఇన్‌ఫీల్డర్ల చేతుల్లో ఉంటుంది. డాడ్జర్స్‌లో ఆయన వెనక స్టీవ్ గార్వీ, డేవీ లోప్స్, బిల్ రస్సెల్, రాన్ సే ఉండేవారు. 1973 నుంచి 1981 దాకా కలిసి ఆడిన నలుగురు వాళ్ళు. 1979లో న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్తే అక్కడ మూడో బేస్ దగ్గర గ్రెగ్ నెటిల్స్, రెండో బేస్ దగ్గర విల్లీ రాండాల్ఫ్. కుడిచేతి బ్యాటర్ బయటికి పోయే సింకర్‌ను లాగి కొట్టబోతే బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వైపో, మూడో బేస్ వైపో దొర్లుతుంది. అక్కడ నెటిల్స్ లాంటివాడు కాచుకుని ఉంటే పిచ్చర్‌కు అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. గెలుపులు-ఓటములు 1977లో 20-7, 1979లో 21-9, 1980లో 22-9. 1977లో డాడ్జర్స్ నేషనల్ లీగ్ గెలిచింది, 1980లో యాంకీస్ 103 ఆటలు గెలిచింది. 1979లో ఆయన 276 ఇన్నింగ్స్ వేసి సాధించిన స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) 111 మాత్రమే. తొమ్మిది ఇన్నింగ్స్‌కు నాలుగు కూడా కాదు. ఈ రోజుల్లో సగటు పిచ్చర్ ఎనిమిది దాటుతాడు. బలపడిన చేయి అయితే ఈ అంకెలు ఇలా ఉండవు. 34 ఏళ్ళ వయసులో పదునెక్కిన నియంత్రణ, మంచి ఫీల్డర్లు, గెలిచే జట్లు: ఆ 164 వెనక ఉన్నవి ఇవే. 1989 మే నెలలో 46 ఏళ్ళ వయసులో చివరి ఆట ఆడేనాటికి 26 సీజన్లు, 700 స్టార్ట్‌లు (జట్టు తరఫున ఆట మొదటి బంతి నుంచీ వేసినవి), 288 గెలుపులు, 3.34 ఈఆర్ఏ. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి కాక సగటున ఇచ్చిన పరుగులు మూడున్నర లోపే. ఇంత చేసినా హాల్ ఆఫ్ ఫేమ్ రచయితల ఓటింగ్‌లో 15 ఏళ్ళూ నిలబడి, అత్యధికంగా 2009లో 31.7 శాతం దగ్గర ఆగిపోయాడు. కావలసింది 75. నా దృష్టిలో అది అన్యాయమే.

జవాబు: మోచేయి_మెకానిక్

పైవారు ఆట సంగతి బాగా చెప్పారు. ఒక్క దిద్దుబాటు: "బ్యాటు పైఅంచును కాదు" అన్న వాక్యం తికమకగా ఉంది. సింకర్ కిందికి దిగుతుంది కాబట్టి బ్యాటు బంతి పైభాగాన్ని కొడుతుంది, అందుకే నేలకు పోతుంది. ఇక మోచేయి సంగతికి వద్దాం.

మనకు క్రికెట్ తెలుసు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడితే తేలిక. బౌలర్ మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపకూడదు. భారం భుజానికి, ముఖ్యంగా నడుముకు పోతుంది. అందుకే ఫాస్ట్ బౌలర్లకు నడుము ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు. పిచ్చర్‌కు ఆ నిబంధన లేదు. మోచేయి వంచి, చేతిని వెనక్కి వాల్చి, కొరడాలా ముందుకు విసురుతాడు. చేయి పూర్తిగా వెనక్కి వాలి ముందుకు తిరిగే ఆ క్షణంలో మోచేతి లోపలివైపు తెరుచుకుపోబోతుంది. దాన్ని పట్టి ఉంచేది అల్నార్ కొలేటరల్ లిగమెంట్. మేజర్ లీగ్ స్థాయి విసురులో అక్కడ పడే మెలితిప్పు దాదాపు 64 న్యూటన్ మీటర్లు. మోచేయి బిగించి పెట్టి, అరచేతికి 18 కిలోల బరువు వేలాడదీసి పక్కకు లాగినంత. మృతదేహాల మీద చేసిన పరీక్షల్లో ఆ లిగమెంట్ ఒంటరిగా 32 దగ్గరే తెగింది.

మరి ప్రతి బంతికీ ఎందుకు తెగదు? మిగతా భారాన్ని ముంజేతి లోపలివైపు కండరాలు మోస్తాయి. అవి అలిసిపోతే భారమంతా లిగమెంట్ మీదికి వస్తుంది. అలసిన చేత్తో వేసే బంతులే ఎక్కువ ప్రమాదం అనడానికి కారణం ఇదే.

1974 జులై 17న మాంట్రియల్ జట్టు మీద ఆడుతుండగా జాన్‌కు తెగింది. అప్పటికి ఆ సీజన్‌లో 13-3. ఆ దెబ్బ తగిలితే అంతకుముందు కెరీర్ ముగిసినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ సెప్టెంబర్ 25న ఆపరేషన్ చేశాడు. కుడి ముంజేతి నుంచి పాల్మారిస్ లాంగస్ అనే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తీసి, ఎడమ మోచేతి దగ్గర పై ఎముకకు, కింది ఎముకకు రంధ్రాలు చేసి, ఎనిమిది అంకె ఆకారంలో దాన్ని దూర్చి కట్టాడు. ఆ టెండన్ లేకపోయినా చేతికి లోటు రాదు. బొటనవేలును చిటికెనవేలికి ఆనించి మణికట్టును కాస్త లోపలికి వంచండి, మధ్యలో తాడులా పైకి లేచేది అదే. కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. అలాంటివాళ్ళకు తొడ లోపలివైపు నుంచి గ్రాసిలిస్ తీస్తారు.

మళ్ళీ మేజర్ లీగ్‌లో ఆడే అవకాశం నూటికి ఒకటి అని జోబ్ అంచనా. ఆపరేషన్ తర్వాత అల్నార్ నరం దెబ్బతిని వేళ్ళు ముడుచుకుపోయాయి, డిసెంబర్‌లో నరాన్ని జరపడానికి రెండో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 1975 సీజన్ మొత్తం పోయింది. 1976లో తిరిగి వచ్చి 207 ఇన్నింగ్స్ వేశాడు. కానీ 1978లో అదే ఆపరేషన్ చేయించుకున్న రెండో పిచ్చర్ బ్రెంట్ స్ట్రామ్ మేజర్ లీగ్‌కు తిరిగి రాలేదు. 1986లో జోబ్ ప్రచురించిన లెక్కలో 16 మందిలో 10 మంది పాత స్థాయికి వచ్చారు. ఇప్పుడు పదిమందిలో ఎనిమిది మంది దాకా తిరిగి వస్తున్నారు. కండరాన్ని ఎముక నుంచి విడదీయకుండా మధ్యలో చీల్చి లోపలికి వెళ్ళే పద్ధతి వచ్చింది, చాలామందిలో నరాన్ని కదపాల్సిన పని లేదు.

వేగం పెరుగుతుందన్న మాట అబద్ధం. కొత్త టెండన్ చేసేది పాత లిగమెంట్ పనే, కండరం కాదు. వేగం పెరిగినట్టు కనిపిస్తే కారణం ఏడాది పైగా చేసిన వ్యాయామం, విశ్రాంతి, పాత నొప్పి పోవడం. అదంతా కోత లేకుండానే చేయొచ్చు.

జవాబు: బుల్‌పెన్_గంట

కోలుకునే దశలో చాలామంది ఎక్కడ దెబ్బతింటారో రాస్తాను. అసలు కష్టం ఆపరేషన్ బల్ల మీద లేదు, తర్వాతి ఏడాదిలో ఉంది.

మొదటి వారం మోచేయి 90 డిగ్రీల దగ్గర కదలకుండా కట్టు. తర్వాత కీలున్న బ్రేస్ వేసి వారం వారం కొంత కొంత చాపుతారు. ఆరువారాలు దాటేసరికి చేయి దాదాపు పూర్తిగా చాపగలగాలి. ఇక్కడ బద్ధకిస్తే చివరి కొన్ని డిగ్రీలు ఎప్పటికీ రావు. మూడో నెలలో రెండు చేతులతో బరువు బంతి విసిరే కసరత్తు. బంతి పట్టుకునేది నాలుగైదు నెలల తర్వాతే, 45 అడుగుల దూరం నుంచి, పాతిక విసుర్లు, మధ్యలో విరామం, మళ్ళీ పాతిక, మర్నాడు సెలవు. ఏ నొప్పీ లేకపోతే 60, 90, 120 అడుగులు. మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) ఎక్కడం ఎనిమిది, తొమ్మిది నెలలకు, అదీ సగం బలంతో ఫాస్ట్‌బాల్ మాత్రమే. స్లైడర్, కర్వ్ లాంటి వంపు తిరిగే బంతులు ఆ తర్వాత. ఆటలోకి 12 నుంచి 18 నెలలు.

ఏడో నెల చాలా మోసం చేస్తుంది. నొప్పి ఉండదు, చేయి తేలిగ్గా ఉంటుంది, మౌండ్ ఎక్కేద్దాం అనిపిస్తుంది. కానీ టెండన్‌లోకి రక్తనాళాలు వచ్చి అది లిగమెంట్‌లా మారడానికి నెలలు పడుతుంది. నొప్పి తగ్గినంత మాత్రాన అది ముదిరినట్టు కాదు. ముంజేతి లోపలివైపు బిగుతు, చిటికెనవేలు తిమ్మిరి, ఈ రెండింట్లో ఏది కనిపించినా వెనకటి దూరానికి దిగాలి. ఇంకోటి, వేగం ముందు వస్తుంది, నియంత్రణ చాలా ఆలస్యంగా వస్తుంది. తిరిగి వచ్చిన మొదటి సీజన్‌లో వాక్‌లు (నాలుగు గురి తప్పిన బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ ఇవ్వడం) ఎక్కువైతే కంగారు పడక్కర్లేదు.

రెండోసారి ఎందుకు అంటే, ముఖ్య కారణం విసిరే తీరు. 2008లో లీగ్ సగటు ఫాస్ట్‌బాల్ 92 మైళ్ళ లోపు, ఇప్పుడు 94 దాటింది. అంటే గంటకు 151 కిలోమీటర్ల పైమాట, అదీ సగటు. జాన్ అన్ని బంతులకూ పూర్తి బలం పెట్టేవాడు కాదు, ఇప్పటివాళ్ళకు ప్రతి బంతీ పూర్తి బలమే.

డబ్బు సంగతి ఒక్కమాట: మేజర్ లీగ్ రోస్టర్ (జట్టు జాబితా) మీద ఉండగా గాయపడితే ఇంజర్డ్ లిస్ట్ (గాయపడినవాళ్ళ జాబితా) రోజులు కూడా సర్వీసు కిందే లెక్క. 172 రోజులు ఒక ఏడాది, ఆరేళ్ళు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. మైనర్ లీగ్‌లో గాయపడితే ఆ గడియారం కదలదు. 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది ట్రిపుల్ ఏ (మైనర్ లీగ్‌లలో పైస్థాయి) కనీస జీతం 35,800 డాలర్లు ఉండేది, అదే ఏడాది మేజర్ లీగ్ కనీసం 7,20,000. ఒకే గాయం, రెండు వేర్వేరు జీవితాలు.

డల్లాస్_డాబా

చాలా కృతజ్ఞతలండి, ఇంత ఓపిగ్గా రాశారు. పిల్లలకు బంతుల పరిమితి ఎంతో కూడా చెప్పగలరా?

మోచేయి_మెకానిక్

మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ నియమాలివి. రోజుకు గరిష్ఠంగా 7-8 ఏళ్ళకు 50 బంతులు, 9-10 ఏళ్ళకు 75, 11-12కు 85, 13-16కు 95. పద్నాలుగేళ్ళు, అంతకు లోపు ఉన్నవారికి విశ్రాంతి: 20 దాకా అక్కర్లేదు, 21-35కు ఒక రోజు, 36-50కి రెండు, 51-65కు మూడు, 66 దాటితే నాలుగు. ఏడాదిలో నాలుగు నెలలు విసరడమే వద్దు, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి.

ఎక్కువమంది తప్పేది రెండు చోట్ల. ఒకటి, పిల్లవాడు రెండు జట్లకు ఆడుతుంటే ఒక కోచ్ లెక్క ఇంకో కోచ్‌కు తెలియదు, కాబట్టి లెక్క ఇంట్లోనే రాసి పెట్టుకోండి. రెండు, పిచ్చింగ్ అయ్యాక అదే రోజు క్యాచర్‌గా నిలబెడతారు. క్యాచర్ ప్రతి బంతినీ తిరిగి విసరాలి, చేతికి విశ్రాంతే ఉండదు. ఆ రోజు ఆడాలనుకుంటే మొదటి బేస్ దగ్గర పెట్టమనండి, అక్కడ విసిరే పని తక్కువ.