80 నంబరు అని కొన్న నూలు నిజంగా 80యేనా? ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మగ్గం ఇల్లు, మంగళగిరి
అందరికీ నమస్కారం. మాది గుంట మగ్గం. నాన్న నేస్తారు. కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం నా పని. పోయిన నెల కొత్త షాపులో 80 నంబరు నూలు ఒక బండిల్ తెచ్చాం. పడుగు (నిలువు పోగులు) మగ్గం ఎక్కిన రోజు నుంచీ పోగులు తెగుతూనే ఉన్నాయి. మామూలుగా రెండు రోజుల్లో దిగే చీర నాలుగో రోజుకీ కొంగు దాకా రాలేదు. చిలప (నూలు చుట్ట) చేతిలోకి తీసుకోగానే నాన్న "వేలికి మందంగా తగులుతోంది" అన్నారు. షాపాయనేమో "ఎండలకు గాలి పొడిబారింది, పోగు గట్టిపడటానికి మీరు పెట్టిన గంజి తక్కువైంది" అంటున్నారు. చిలపలు లెక్కపెట్టాను. 10 పౌన్ల (దాదాపు నాలుగున్నర కిలోల) బండిల్‌లో సరిగ్గా 800 ఉన్నాయి. తూకమూ సరిపోయింది. ఇక ఏం చూడాలి? ఇంట్లో 0.01 గ్రాము వరకు చూపించే చిన్న కాటా ఉంది. నలభై ఏళ్లుగా నేస్తున్న మనిషిని పట్టుకుని నేత రాదన్నట్టు మాట్లాడారు. అదే నాకు చాలా బాధగా ఉంది.

పాత ల్యాబ్ మనిషి, గుంటూరు
అమ్మా, నేను స్పిన్నింగ్ మిల్లు ల్యాబ్‌లో 26 ఏళ్లు చేశాను. నాన్నగారి వేలు తప్పు చెప్పి ఉండదు.

నంబరు అంటే, ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. 80 నంబరుకు 80 రావాలి, అందుకే 10 పౌన్లకు 800. మీరు లెక్కపెట్టింది సరైనదే. కానీ ఒక్కో చిలపలో 840 గజాలు ఉన్నాయో లేదో ఎవరూ కొలవరు. నూలు కాస్త మందంగా వడికి, చిలపకు చుట్లు తగ్గిస్తే తూకమూ సరిపోతుంది, లెక్కా సరిపోతుంది. పొడవు మాత్రం పోతుంది. నేతగాడి నష్టమంతా అక్కడే.

మేం ల్యాబ్‌లో ఒకటిన్నర గజం చుట్టుకొలత ఉన్న రీలు మీద 80 చుట్లు చుట్టేవాళ్లం. అది 120 గజాలు, దాన్ని లీ అంటాం. 80 నంబరు లీ 0.81 గ్రాములు తూగాలి. మీ కాటా మీద ఒక్క లీ తూస్తే 0.01 తేడాకే నంబరు ఒకటి అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఎక్కువ నూలు తూయండి.

చెక్కకు రెండు మేకులు కొట్టండి. చుట్టూ ఒక దారం తిప్పితే సరిగ్గా 2 మీటర్లు రావాలి. బండిల్‌లో వేర్వేరు చోట్ల నుంచి ఐదు చిలపలు తీసి, ఒక్కోదాని నుంచి 50 చుట్లు చుట్టండి. దారాన్ని లాగకండి, వదులుగానూ వదలకండి. చుట్టు మీద చుట్టు పడితే కొలత పెరుగుతుంది, పక్కపక్కనే పడాలి. ఐదూ కలిపితే 500 మీటర్లు. ఆ తూకంతో 295ని భాగిస్తే వచ్చేదే నంబరు. 80 అయితే 3.69 గ్రాములు రావాలి.

గంజి పెట్టిన నూలు వద్దు, రంగు వేసింది వద్దు. పత్తి గాలిలో తేమ పీల్చుకుంటుంది. వ్యాపార లెక్కల్లో దాని తేమను పొడి బరువు మీద 8.5 శాతంగా పట్టుకుంటారు. వానాకాలం నూలు బరువెక్కి, నంబరు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఎండాకాలం దీనికి తలకిందులుగా ఉంటుంది.

చీరాల పడుగు
చెల్లీ, షాపాయన మాటలో కొంత నిజం ఉంది. పొడిగాలికి పత్తిపోగు బలం తగ్గుతుంది. అందుకే మేం ఎండాకాలం గుంటలో నీళ్లు చల్లుతాం. కానీ అదొక్కటే అయితే పాత నూలు కూడా తెగాలి కదా? ఇంకొకటి చూడు. పిల్లల నల్ల పలకకు దారం పక్కపక్కన చుట్టి వెలుతురులో పట్టుకో. సన్నం, లావు, ఉండలు అన్నీ కనిపిస్తాయి. సన్నగా ఉన్నచోట తెగుతుంది, లావుగా ఉన్నచోట పన్నెలో (పోగులు దూరే దువ్వెనలాంటి దానిలో) ఇరుక్కుని పక్కపోగును కోస్తుంది.

మగ్గం ఇల్లు, మంగళగిరి
చేశాను. 500 మీటర్లు 3.98 గ్రాములు వచ్చింది. అంటే 74! ఇది ఎండాకాలం తూకం కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే ఉండొచ్చు. పది చిలపలు కలిపి తూస్తే 56.8 గ్రాములు. 80 నంబరుకు 56.7 రావాలట, సరిపోయింది. అంటే చిలపకు దాదాపు 60 గజాలు తక్కువ. బండిల్ మొత్తానికి లెక్కేస్తే దాదాపు 57 చిలపల నూలు మాకు రాలేదు. పలక మీద చూస్తే ఉండలూ ఉన్నాయి. పాత షాపు నూలు మిగిలింది కొంచెం ఉంటే అదీ అలాగే తూశాను, 3.71 వచ్చింది.

పాత ల్యాబ్ మనిషి, గుంటూరు
బాగా చేశారమ్మా. రెండు తూకాలూ ఫొటో తీసి పెట్టుకోండి. షాపాయన ఒప్పుకోకపోతే, విప్పని చిలపలు కొన్ని బండిల్ చీటీతో సహా పక్కన పెట్టి కేంద్ర ప్రభుత్వ సంస్థ టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబ్‌కు పంపండి. హైదరాబాద్‌లో ఉంది. నంబరుతో పాటు లీ బలం (లీ తెగడానికి ఎంత లాగాలో) కూడా అడగండి. నంబరును పౌన్లలో ఉన్న ఆ బలంతో గుణించి చెప్తారు. ఆ కాగితం ముందు ఎవరూ గంజి మాట ఎత్తరు.

మగ్గం ఇల్లు, మంగళగిరి
మిగిలిన చిలపలకు గంజి పెట్టలేదు, అలాగే ఉంచాం. రేపు నాన్న, నేను షాపుకు వెళ్తున్నాం. మేకుల చెక్క కూడా తీసుకురమ్మన్నారు నాన్న, షాపాయన ఎదురుగానే చుట్టి చూపిస్తారట.