ఎడమచేతి వాటం వారికి సైలెన్సర్‌తో ఈ కార్బైన్ అనువుగా ఉంటుందా?

టెక్సస్‌లో ఉంటున్న నేను ఇంటి రక్షణ కోసం డేనియల్ డిఫెన్స్ కంపెనీ తయారుచేసే డీడీఎం4 వీ7 కార్బైన్ (తేలికపాటి రైఫిల్) కొనాలనుకుంటున్నాను. దాని 16 అంగుళాల బ్యారెల్‌కు (తుపాకీ గొట్టానికి) సైలెన్సర్ కూడా తగిలిస్తే ఇరుకు నడవలో తిప్పగలనో లేదోనని, చీపురు కర్రను అంత పొడవుకు కోసి పట్టుకుని నడిచి చూడగా, పడకగది మలుపులో రెండుసార్లు గోడకు తగిలింది. 16 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్ తీసుకుందామంటే, 1934 నాటి అమెరికా నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద సైలెన్సర్‌తో పాటు దానినీ నమోదు చేయించాలి.

అయితే నా అసలు బెంగ వేరు. పేలిన తూటాల ఖాళీ తొడుగులు బయటపడే రంధ్రం కుడివైపున ఉంటుంది కనుక, సైలెన్సర్ వల్ల వెనక్కి తన్నే వాయువు ఎడమచేతి వాటం వాడినైన నా ముఖానికే కొడుతుంది. దీనికి బరువైన బఫర్ (తుపాకీ లోపలి బోల్ట్ వెనక్కి వచ్చే వేగాన్ని తగ్గించే భాగం) సరిపోతుందా, లేక సర్దుబాటు చేసుకునే గ్యాస్ బ్లాక్ (బ్యారెల్ నుంచి వాయువును వెనక్కి మళ్లించే భాగం) తప్పనిసరా? పక్కగదిలో పిల్లలు పడుకుంటారు కాబట్టి, డ్రైవాల్‌ను (జిప్సం పలకల గోడను) దాటే ప్రమాదం తక్కువగా ఉండే తూటా ఏదో కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.