హాకీ అంచనాలకు మార్కులు ఎలా వేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఒకే గదిలో ఉండే నలుగురం 2024-25 ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) సీజన్‌కు ముందే 32 జట్ల వరుసలు రాసి గోడకు అంటించాం. పేరున్న ఆటగాడు స్టామ్‌కోస్ వచ్చాడని ఇద్దరు పైన పెట్టిన నాష్‌విల్ జట్టు 68 పాయింట్లతో కింద నుంచి మూడో స్థానానికి జారింది. విన్నిపెగ్ 116తో మొదట నిలిచింది.

ఎవరి అంచనా దగ్గరగా వచ్చిందో ఎలా తేల్చాలి? స్థానాల తేడాలు కూడితే చాలా, పాయింట్లు కూడా చూడాలా? అదనపు సమయంలో ఓడినా ఒక పాయింటు వస్తుంది కదా, మధ్య జట్లన్నీ కొద్ది తేడాతో గుంపుగా ఉంటాయి. అక్కడ నాలుగు స్థానాలు తప్పినా, నాష్‌విల్ తప్పినా ఒకే లెక్కంటే నాకు న్యాయంగా అనిపించడం లేదు.

అంతకు ముందు సీజన్ (2023-24) పట్టికనే ఐదో అంచనాగా పెట్టి, దాన్ని ఎవరు దాటారో చూడాలని నా ఆలోచన. అరిజోనా జట్టు ఆటగాళ్లు 2024లో యూటా కొత్త జట్టుకు వెళ్లారు, ఆ స్థానం యూటాకే ఇవ్వొచ్చా? ఎక్సెల్‌లో స్పియర్‌మన్ కోరిలేషన్ (రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే లెక్క) చేసినవాళ్లు దయచేసి చెప్పండి.