పాత సీరియల్ టేపులు: కింద స్క్రోలింగ్ ఉంచాలా, కోసెయ్యాలా?

మోడరేటర్: సీరియల్ పేరు, ఛానల్ పేరు, కంపెనీ పేరు రాయొద్దు. పోయిన నెల థ్రెడ్‌కి నోటీసు వచ్చి తీసెయ్యాల్సి వచ్చింది, గుర్తుంది కదా. "మన సీరియల్" అనండి చాలు. లింకులు పెడితే డిలీట్ చేస్తా.

టేప్‌బాబాయ్ (శ్రీరాంపురం, బెంగళూరు): సరే పేరు రాయను. తొంభైల చివర్లో గురువారం రాత్రి వస్తా ఉండె, ఒకే కాంపౌండ్‌లో మూడు వాటాలు, మేడ మీద ఇంటి ఓనరు తాత, అదీ. కంపెనీ వాళ్ళు ఇప్పుడు యూట్యూబ్‌లో హెచ్‌డీ అని పెట్టినారు కదా. నిన్న రాత్రి నా టేపు ఒక పక్క, వాళ్ళది ఒక పక్క పెట్టుకొని చూస్తి. 22 నిమిషాల ఎపిసోడ్ 14 అయింది. టైటిల్ పాట రెండు లైన్లు పాడి ఆగిపోతాంది. పాత టీవీ సైజు బొమ్మని వెడల్పు చేసేదానికి పైనా కిందా కోసినారు, 4:3ని 16:9 చేస్తే నాలుగో వంతు బొమ్మ చెత్తబుట్టలోకే, తాత మెట్ల మీద నిలబడి తిట్టే షాట్‌లో తాతకి తల లేదు, మొండెం తిడతాంది.

మా నాయనకి ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు. ఆయన ఆదివారం చూసుకుంటాడని మా అమ్మ ప్రతి గురువారం రికార్డు బటన్ నొక్కుతా ఉండె. ఈ-180 టేపులు అయిదు, ఎల్పీ మోడ్‌లో, అంటే టేపు సగం స్పీడులో తిరిగేట్లు పెడితే, ఒక్కోదాంట్లో ఆరు గంటలు, మొత్తం 41 ఎపిసోడ్లు ఉండాయి. రెండు టేపులకి బూజు పట్టింటే ఎస్పీ రోడ్డులో ఒక ముసలాయన విప్పి తుడిచి ఇచ్చినాడు, మిగతా షాపుల్లో కుర్రోళ్ళు వీసీఆర్ అంటేనే నవ్వినారు. అవన్నీ కంప్యూటర్‌కి ఎక్కించి గ్రూపుకి ఇస్తి.

ఇప్పుడు నా కంప్లైంట్ కంపెనీ మీద కాదు, మన పద్మ మీద. క్లీన్ వెర్షన్ అని గ్రూపులో పెట్టిన దాంట్లో కింద స్క్రోలింగ్ కోసేసింది. కంపెనీ కోస్తే తప్పు, మనం కోస్తే క్లీనింగా?

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: బాబాయ్ గారూ, ఇది అందరి ముందూ అడగాలా, ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది కదండీ. సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. ఆ స్క్రోలింగ్ సీరియల్‌ది కాదు, ఛానల్‌ది కూడా కాదు. మీ ఏరియా కేబుల్ వాడు కన్నడలో వేసుకున్న యాడ్. పైన సీన్‌లో ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే కింద "ఆషాఢ డిస్కౌంట్, చీరల అంగడి" అని పాక్కుంటూ పోతుంది, దాని కింద వీసీఆర్ గీత ఒకటి వణుకుతూ ఉంటుంది. ఎపిసోడ్‌కి రెండేసి రాత్రులు కూర్చుని శుభ్రం చేశాను, మర్నాడు ఆఫీసు మీటింగుల్లో తూగాను. జనం సీరియల్ చూడ్డానికి వస్తారు, చీరలు కొనడానికి కాదు.

గుండుసూది: ఆ చీరల అంగడి ఇంకా ఉందా బాబాయ్

టేప్‌బాబాయ్: లేదు, మొబైల్ షాపు అయింది.

వీకెండ్_కృష్ణ (మారతహళ్ళి): ఈ వెడల్పు చేసే జబ్బు మనకొక్కళ్ళకే కాదు. సైన్‌ఫెల్డ్ అనే అమెరికా కామెడీ సీరియల్ 2021లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడు రోడ్డు మీద గుంత చుట్టూ తిరిగే ఎపిసోడ్‌లో గుంతే ఫ్రేములో లేకుండా పోయింది. సింప్సన్స్ కార్టూన్ సీరియల్‌ని 2019లో డిస్నీ ప్లస్ ఇలాగే కోస్తే ఫ్యాన్స్ గోల చేశారు, 2020 మేలో పాత సైజులో చూసే ఆప్షన్ ఇచ్చారు. మనం కూడా కామెంట్లలో గట్టిగా గోల చేస్తే పోలా?

గుండుసూది: మన గోలకి కామెంట్లు ఆపేశారు అన్నా

టేప్‌బాబాయ్: కృష్ణా, సబ్జెక్టు మార్చొద్దు. స్క్రోలింగ్ గురించి మాట్లాడుతా ఉన్నాం.

పద్మా, నీకొకటి చెప్తా విను. కంపెనీ వాళ్ళు పెట్టిన వరసలో 12, 13, 14 తారుమారు. పక్క వాటా అమ్మాయి పెళ్ళి అయిపోయినాక పెళ్ళిచూపులు వస్తాయి. అది తప్పు అని నేనెట్ల కనుక్కుంటి? స్క్రోలింగ్ చూసి. ఒకదాంట్లో ఆషాఢం చీరలు, ఇంకోదాంట్లో "వినాయకుని పెండాల్ చందా", ఇంకోదాంట్లో "రేపు నీళ్ళు రావు". టేపు మీద మా అమ్మ తేదీ రాయలేదు, కేబుల్ వాడు రాసినాడు. నువ్వు చెత్త అని కోసిందే మనకి క్యాలెండర్.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: అయితే మీ ఒరిజినల్ ఫైల్ మీ దగ్గరే ఉంది కదా బాబాయ్, నేనేం చెరిపెయ్యలేదే. క్యాలెండర్ కావాల్సినవాళ్ళు అది చూసుకుంటారు.

వీకెండ్_కృష్ణ: యాడ్స్ విషయంలో మాత్రం నేను బాబాయ్ వైపే. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అని ఒకావిడ 2012లో పోయేదాకా మూడు దశాబ్దాల పైన ఇంట్లో టీవీ న్యూస్ రాత్రీ పగలూ రికార్డు చేస్తూనే ఉంది, దాదాపు 70 వేల టేపులు, యాడ్స్‌తో సహా. తర్వాత పాత వెబ్‌సైట్లూ వీడియోలూ దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు తీసుకున్నారు. అప్పట్లో చుట్టుపక్కలవాళ్ళు పిచ్చి అనుకునే ఉంటారు.

లావణ్య_వాళ్ళాయన: మా ఇంట్లో ఇప్పుడే అంటున్నారు

కత్తెర_సుధాకర్ (సాలిగ్రామం, చెన్నై): రెండ్రోజుల్నుంచి చదువుతున్నా, ఒరిజినల్ ఒరిజినల్ అని ఒకటే పాట. ఆ సీరియల్‌కి నేను ఎడిటింగ్ అసిస్టెంట్‌ని. నాకు తెలిసి ఒరిజినల్ అనేదే లేదు. బుధవారం తెల్లార్లూ కూర్చుంటే గురువారం మధ్యాహ్నానికి టేపు తేలేది, దాన్ని పట్టుకుని ఆఫీస్ బాయ్ బండి మీద పరిగెత్తేవాడు. ఒక ఎపిసోడ్‌లో డబ్బింగ్ పూర్తి కాలేదు, ఒకాయన నోరు కదుపుతాడు, మాట రాదు. అది జోక్ అనుకుని జనం నవ్వారట. ఇవేనా మీరు భద్రపరిచేది? సినిమా పాటల బిట్లు ఎవర్నీ అడక్కుండా వేశాం, అప్పుడు పట్టించుకున్నవాడు లేడు. ఇప్పుడు యూట్యూబ్‌లో పెడితే మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, అందుకే కీబోర్డు మ్యూజిక్ వేశారు. కంపెనీ వాళ్ళు రాక్షసులేం కాదు. హెచ్‌డీ అన్నది మాత్రం పచ్చి అబద్ధం, అది ఒప్పుకుంటా. బీటాక్యామ్ అనే పాత వీడియో టేపు మీద తీసిన బొమ్మకి 576 లైన్లే, ఎంత పెద్దది చేసినా నీళ్ళు కలిపిన మజ్జిగే.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: అమ్మో, ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నారా సుధాకర్ గారూ! స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ అనే అమెరికా సీరియల్‌కి నిజంగా హెచ్‌డీ చెయ్యగలిగారంటే వాళ్ళు ఫిల్మ్ మీద తీసి వీడియో టేపు మీద ఎడిట్ చేశారు కాబట్టి, నెగెటివ్‌లు వెతికి 178 ఎపిసోడ్లూ మళ్ళీ కూర్చుకున్నారు. మనకి ఆ అదృష్టం లేదు. మరి మాస్టర్ టేపులన్నా, అంటే ఎడిటింగ్ అయ్యాక తేలిన మొదటి టేపులన్నా ఉన్నాయా?

లా_పాయింట్: పాటల గురించి సుధాకర్ గారు చెప్పింది కరెక్టే. అమెరికాలో 1978 నుంచి 82 దాకా డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి అని రేడియో స్టేషన్ మీద సీరియల్ వచ్చింది, పాటల హక్కులు అయిపోయి తర్వాతి కాపీల్లో వేరే మ్యూజిక్ వేసేశారు. 2014లో డీవీడీలు వేసినవాళ్ళు చాలా పాటలకి మళ్ళీ హక్కులు కొనాల్సి వచ్చింది. ఇక ఇక్కడ ఎవరో పోయినసారి "25 ఏళ్ళు దాటింది, ఫ్రీ" అన్నారు, అది తప్పు. 25 ఏళ్ళు ఛానల్ ప్రసార హక్కుకి. సీరియల్ మీద నిర్మాత హక్కు 60 ఏళ్ళు. 1998లో వచ్చిందనుకుంటే 2058 దాకా.

గుండుసూది: 2058కి బాబాయ్ టేపులు కాదు బాబాయే మిగలడు

టేప్‌బాబాయ్: నోరు మంచిదైతే ఊరు మంచిది గుండుసూదీ.

లాయరు గారూ, మీ లెక్క మీది. బీబీసీ వాళ్ళు డాక్టర్ హూ అనే సీరియల్ 1960ల నాటి టేపులు తుడిచేసినారు, మళ్ళీ వాడుకోవచ్చని. బొమ్మ పోయిన ఎపిసోడ్లన్నిటికీ శబ్దం మాత్రం ఈ పొద్దుకీ ఉండాది, ఎట్ల? ఇండ్లల్లో టీవీ ముందర టేపు రికార్డర్ పెట్టుకొని రికార్డు చేసిన అభిమానుల దయ. 2013లో నైజీరియాలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికినాయి. ఆ పొద్దు రికార్డు చేసినోళ్ళకి చట్టాన్ని అడిగి చెయ్యమని చెప్పినాడా ఎవరన్నా?

కత్తెర_సుధాకర్: అక్కడ కంపెనీయే తుడిచేసింది. ఇక్కడ ఎవరూ కావాలని తుడవలేదు. గోడౌన్ కింది అంతస్తులో ఉన్నాయి, 2015 డిసెంబర్ వరదల్లో నడుం లోతు నీళ్ళొస్తే ఎవరేం చేస్తారు? ఇప్పుడు పెట్టినవి మధ్యాహ్నం రిపీట్‌కని పొట్టి చేసిన కాపీలు, అవి పైన ర్యాకులో ఉండబట్టి బతికాయి.

టేప్‌బాబాయ్: ఆగండాగండి. మాస్టర్లు పోయినాయా???

వీకెండ్_కృష్ణ: అంటే 22 నిమిషాల వెర్షన్ ప్రపంచంలో ఉన్నది శ్రీరాంపురంలో బాబాయ్ ఇంట్లోనేనా

కత్తెర_సుధాకర్: నేను అన్నీ పోయాయనలేదు. ఇంతకంటే ఇక్కడ రాయలేను, నాకింకా అక్కడివాళ్ళతో పనుంటుంది.

నిద్రలేని_రమణ: బాబాయ్ మీ టేపుకీ పద్మ గారి క్లీన్ ఫైలుకీ 17వ ఎపిసోడ్‌లో 40 సెకన్లు తేడా ఉంది. యాడ్స్ తీసేసి లెక్కపెట్టా. టిఫిన్లు తెచ్చే కుర్రాడి సీన్ లేదు.

టేప్‌బాబాయ్: పద్మా?

టేప్‌బాబాయ్: పద్మా చూస్తాండావని కనపడతాంది, గ్రీన్ లైట్ ఉంది.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: అవును, తీశాను. ఆ కుర్రాడికి నత్తి, వాడు ఇడ్లీ అనలేక ఇ-ఇ-ఇ అంటుంటే మూడు వాటాల వాళ్ళూ చుట్టూ చేరి నవ్వుతారు. మా తమ్ముడికి నత్తి. ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాడు, శుక్రవారం నుంచి స్కూల్లో వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ వాడు "ఇఇడ్లీ"యే. రెండేళ్ళు. టెన్త్‌లో వాడు టిఫిన్ బాక్స్ తీసుకెళ్ళడం మానేశాడు. మీరందరూ ఆ సీన్‌ని రీల్స్ చేసి షేర్ చేస్తారని తెలుసు, అందుకే తీశాను, ఇంకోసారి అడిగినా తీస్తాను.

టేప్‌బాబాయ్: తమ్ముడి విషయం బాధే, కాదనను. కానీ నువ్వు చెప్పకుండా కోసినావు. క్లీన్ వెర్షన్ అని పేరు పెట్టి, లోపల కత్తెర. నీకూ కంపెనీకీ తేడా ఏంది? వాళ్ళకి డబ్బు కారణం, నీకు తమ్ముడు కారణం. రేపు ఇంకొకరికి ఇంకో కారణం ఉంటాది. నేను నమ్మి ఫైళ్ళిస్తి.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: నమ్మి ఇచ్చారా? రాత్రుళ్ళు కూర్చుని చేసినప్పుడు "బంగారం" అన్నారు, ఇప్పుడు కంపెనీతో సమానం చేశారు. మీరు దాచుకోండి, ఎవరొద్దన్నారు. బీరువాలో భద్రంగా పెట్టుకోండి. దాచడం వేరు, ఊరంతా పంచడం వేరు.

టేప్‌బాబాయ్: బీరువాలో పెడితేనే కదమ్మా బూజు పట్టింది.

కత్తెర_సుధాకర్: పద్మ గారు చేసింది నూటికి నూరు పాళ్ళు రైటు. ఆ టిఫిన్ కుర్రాడి వేషం వేసినతనే రిపీట్‌కి ముందు వచ్చి ఆ సీన్ తీసెయ్యమని అడిగాడు, పెళ్ళైంది, బాగోదు సార్ అని. తీసింది నేనే. ఎడిట్ చేసినవాడు వద్దన్నాడు, నటించినవాడు వద్దన్నాడు, మీరెవరయ్యా కావాలనడానికి? మీరు డబ్బులిచ్చి చూశారా? కేబుల్ బిల్లు కట్టినంత మాత్రాన సీరియల్ మీది అయిపోతుందా?

లా_పాయింట్: టెక్నికల్‌గా చట్టం దృష్టిలో సినిమాకైనా సీరియల్‌కైనా ఆథర్ నిర్మాతే, ఎడిటరూ కాదు, నటుడూ కాదు.

కత్తెర_సుధాకర్: తెలుసండీ. మా పేర్లు ఎంత తేలిగ్గా పోతాయో మాకంటే ఎవరికి తెలుసు. కొత్త వెర్షన్‌లో ఎండ్ టైటిల్సే లేవు, నెక్స్ట్ వీడియో చూడండి అని పెట్టెలు వస్తాయి.

టేప్‌బాబాయ్: నా టేపుల్లో ఉండాయి సార్. ప్రతి ఎపిసోడ్‌కీ.

కత్తెర_సుధాకర్: తెలుసు. నిన్న పద్మ గారి ఫైళ్ళు గబగబా ఆఖర్లు మాత్రం చూశా. నా పేరు కనపళ్ళేదు.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: ఒక్క నిమిషం.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: సుధాకర్ గారూ, సారీ అండీ. ఆ ఎండ్ టైటిల్ కార్డులో మీ లైను అన్నిటికంటే కింద ఉంది. స్క్రోలింగ్ కోసినప్పుడు దాంతో పాటు పోయింది. 41 ఎపిసోడ్లలోనూ.

గుండుసూది: 😶

టేప్‌బాబాయ్: నేనేమీ అనలేదు.

కత్తెర_సుధాకర్: మొదటి వారం మా నాన్నకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి ఆఖర్న నా పేరు పడుద్ది చూడండి అని చెప్పా. ఊళ్ళో పది మందిని కూర్చోబెట్టుకుని చూశాడు. మర్నాడు ఫోన్ చేస్తే "ఎవరో సుధారక్ అని పడిందిరా, నీది రాలేదు" అన్నాడు. టైటిళ్ళు కొట్టిన కుర్రాడు అక్షరాలు తిరగేశాడు. మార్చమని నాలుగు వారాలు అడిగా, మొత్తం కార్డు మళ్ళీ చెయ్యాలన్నారు, అలాగే ఆఖరి ఎపిసోడ్ దాకా పోయింది. బాబాయ్ గారూ, మీరు అసలు ఫైళ్ళు మళ్ళీ ఎక్కించేటప్పుడు అది ఒక్కటీ సరిచేసి పెట్టండి. ఫాంట్ నేను పంపిస్తా.

టేప్‌బాబాయ్: సార్, మీ మీద గౌరవం ఉంది. కానీ కుదరదు.

కత్తెర_సుధాకర్: నా పేరండీ అది!

టేప్‌బాబాయ్: ఆ పొద్దు టీవీలో ఏం పడిందో అదే ఉండల్ల. కావాలంటే వీడియో కింద రాస్తా, సుధారక్ అంటే సుధాకర్ అని.

కత్తెర_సుధాకర్: రెండక్షరాలు అటూ ఇటూ మార్చడానికి ఇంత రాద్ధాంతమా? పాతికేళ్ళు దాటింది!

టేప్‌బాబాయ్: రెండక్షరాలైనా ఎడిటే కదా సార్. మీకు నేను చెప్పల్లా.

పద్మ_ఎలక్ట్రానిక్‌సిటీ: నేను నా వెర్షన్‌లో మారుస్తాను సుధాకర్ గారూ, ఫాంట్ నాకు పంపండి. ఈ వారంలో అన్నీ కింద కోయకుండా మళ్ళీ ఎక్కిస్తాను, 17 తప్ప. స్క్రోలింగ్ మాత్రం కాస్త మసక చేస్తాను.

టేప్‌బాబాయ్: మసక కూడా వద్దు.